చెంచాడు ఉప్పు అంటే ఎన్ని గ్రాములు?

కప్పు మైదా ఎన్ని గ్రాములు అని ఇంటర్నెట్‌లో వెతికితే ఒక చోట 120 అని, ఇంకో చోట 125 అని, మరో చోట 140, 150 అని కూడా కనిపిస్తుంది. ఇందులో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. మైదాను జల్లించి కప్పులో మెల్లగా వేస్తే 115 గ్రాములకు అటూ ఇటూగా పడుతుంది. డబ్బాలోకి కప్పు ముంచి, తీసి, పైన చాకుతో గీసేస్తే 140 దాటుతుంది. కప్పును గట్టు మీద నాలుగుసార్లు తట్టి మళ్లీ నింపితే ఇంకా పెరుగుతుంది. పిండీ మారలేదు, కప్పూ మారలేదు. నింపే చెయ్యి మారింది, అంతే.

నేను ఫిజిక్స్ చదివానని తెలిసిన చుట్టాలు, స్నేహితులు నన్ను ఎక్కువగా అడిగేది కృష్ణబిలాల గురించి కాదు. గ్రాముల్లో ఉన్న వంటకాన్ని గ్లాసుల్లోకి ఎలా మార్చాలి అన్నదే వాళ్ల ప్రశ్న. ఒక పట్టిక పంపించమంటారు. పట్టిక పంపడం తేలికే. కానీ అందులోని అంకెలు చూడటానికి ఉన్నంత ఖచ్చితంగా ఉండవు. పైగా వంట రుచి దగ్గరే ఆగిపోయే విషయం కాదిది. నూనె ప్యాకెట్ ధర, బడిలో పిల్లల భోజనం, విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డకు కలిపే ఉప్పు నీళ్లు, అన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో మన వంట మనం చేసుకునేటప్పుడు గ్లాసైనా, గరిటైనా, గుప్పెడైనా చాలు. కానీ నలుగురికీ చెప్పే కొలత, అంటే ప్యాకెట్ మీద అచ్చయ్యేది, ఆసుపత్రి గోడ మీద అంటించేది, బడి వంటగదికి పంపేది, ముందుగా గ్రాముల్లో ఉండాలి. చెంచా, కప్పు దానికి తోడుగా రావచ్చు కానీ దాని స్థానంలో కాదు.

బరువుకూ ఘనపరిమాణానికీ మధ్య లంకె సాంద్రత. నీటి విషయంలో ఈ లెక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు: ఒక మిల్లీలీటరు అంటే ఒక గ్రాము. అది యాదృచ్ఛికం కాదు. 1795లో ఫ్రాన్స్‌లో గ్రామును మొదట నిర్వచించినప్పుడు, మంచు కరిగే ఉష్ణోగ్రత దగ్గర ఒక ఘన సెంటీమీటరు నీటి బరువు అనే చెప్పారు. 30 డిగ్రీల దగ్గర లీటరు నీరు 995 గ్రాముల చిల్లర తూగుతుంది. తేడా అర శాతం కూడా లేదు. వంటకు అంతకన్నా నిక్కచ్చి అక్కర్లేదు. నీరు దాటి పక్కకు అడుగు వేసిన దగ్గర్నుంచే చిక్కు.

నూనె ప్యాకెట్ మీద 60 డిగ్రీలు

వేరుశనగ, పొద్దుతిరుగుడు, మన పచ్చళ్లలో పోసే పప్పునూనె, ఇక్కడ కోల్‌కతాలో ప్రతి వంటింట్లో ఘాటెత్తించే ఆవనూనె, అన్నీ నీటి కన్నా తేలికే. లీటరు నూనె 910 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. కాబట్టి లీటరు ప్యాకెట్‌నూ కిలో ప్యాకెట్‌నూ పక్కపక్కన పెట్టి ధర పోల్చేవాళ్లు దాదాపు తొమ్మిది శాతం తేడాను గుర్తుంచుకోవాలి. ఇది చాలామందికి తెలిసిందే.

తెలియనిది ఇంకొకటి ఉంది. నూనె వేడికి నీటి కన్నా బాగా వ్యాకోచిస్తుంది. అందుకే లీటరు నూనె అన్నప్పుడు ఏ ఉష్ణోగ్రత దగ్గర అన్న ప్రశ్న వస్తుంది. కొందరు తయారీదారులు లేబుల్ మీద పరిమాణం పక్కనే ఒక ఉష్ణోగ్రత వేస్తూ వచ్చారు. కొందరు దాన్ని 60 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళ్లారు. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీని మీద స్పందించింది. ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి పరిమాణం ప్రకటించాలని, దానితో పాటు బరువు కూడా రాయాలని, లేబుళ్లు మార్చుకోవడానికి 2023 జనవరి 15 వరకు సమయం ఇస్తున్నామని చెప్పింది. ఆ సందర్భంగా శాఖ ఇచ్చిన ఉదాహరణ సోయాబీన్ నూనెది. లీటరు నూనె 21 డిగ్రీల దగ్గర 919.1 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే తూగుతుంది.

ఈ రెండు అంకెల మీద చిన్న భాగాహారం చేసి చూడండి. 60 డిగ్రీల లెక్కన లీటరు అని నింపిన 892.6 గ్రాముల నూనె, 21 డిగ్రీల గదిలో దాదాపు 971 మిల్లీలీటర్లే ఉంటుంది. 29 మిల్లీలీటర్లు, అంటే ఇంచుమించు రెండు టేబుల్ స్పూన్లు, ప్యాకెట్‌లో లేవు. అయినా లేబుల్ అబద్ధం చెప్పలేదు, ఫిజిక్స్ ప్రకారం అందులోని ప్రతి అక్షరం నిజం. కాకపోతే ఆ నిజం ఎవరి వంటింటిది? కోల్‌కతాలో మే నెల మిట్టమధ్యాహ్నం, ఫ్యాన్ కూడా లేని వంటగదిలోనైనా 60 డిగ్రీలు ఉండవు.

బరువుకు ఈ బాధ లేదు. ప్యాకెట్‌ను ఫ్రిజ్‌లో పెట్టినా ఎండలో పెట్టినా లోపలి గ్రాములు మారవు. శాఖ చేసింది మంచి పని. నన్నడిగితే ఇంకో అడుగు వేసి, నూనెను బరువుతోనే అమ్మాలని, లీటరు మాట చిన్న అక్షరాల్లో ఉండాలని అంటాను. ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద దానికి తలకిందులుగా ఉంటోంది.

గింజల మధ్య గాలి

ద్రవాల దగ్గర ఉష్ణోగ్రత ఒక్కటే తంటా. పొడులు, గింజల దగ్గరికి వస్తే కప్పులో మనం కొలిచే పదార్థం ఒకటి కాదు, రెండు. ఒకటి గింజ, రెండోది గింజల మధ్య గాలి.

ఉప్పు స్ఫటికం సాంద్రత మిల్లీలీటరుకు 2.16 గ్రాములు. 5 మిల్లీలీటర్ల టీస్పూను నిండా గాలి చొరబడని ఉప్పు రాయి ఉంటే 10.8 గ్రాములు తూగాలి. మామూలు మెత్తని ఉప్పును అంచుకు సమంగా గీసి తూచితే వచ్చేది సుమారు 6 గ్రాములే. అంటే చెంచాలో దాదాపు 45 శాతం గాలి. పంచదార కూడా అంతే. స్ఫటికం లెక్కన 8 గ్రాములకు కాస్త తక్కువ రావాలి, చెంచాలో వచ్చేది 4 గ్రాముల చిల్లర.

ఒకే సైజు గుండ్లను ఎంత ఒద్దికగా పేర్చినా జాగాలో 74 శాతానికి మించి నింపలేమని కెప్లర్ 1611లోనే ఊహించాడు. పళ్ల బండి మీద బత్తాయిలు పేర్చే పద్ధతి అదే. దాన్ని గణితంగా రుజువు చేయడానికి 1998లో థామస్ హేల్స్ వచ్చేదాకా పట్టింది. ఆ రుజువును కంప్యూటర్‌తో అక్షరమక్షరం సరిచూడటం 2014లో గానీ పూర్తికాలేదు. పేర్చకుండా గలగలా పోసేస్తే, ఎంత కుదిపినా 64 శాతం దగ్గర ఆగిపోతుంది. కుదపకుండా వదిలేస్తే ఇంకా తక్కువ. ఒకే ఆకారం, ఒకే సైజు ఉన్న గోళాలకే ఇంత తేడా ఉంటే ఇక మైదా సంగతి చెప్పేదేముంది.

ఇక్కడ చాలామంది నమ్మే ఒక మాట సరిదిద్దాలి. మెత్తగా ఉంటే చెంచాలో ఎక్కువ పడుతుంది, గరుకుగా ఉంటే తక్కువ పడుతుంది అంటారు. సైజు ఒక్కటే మారితే అది నిజం కాదు. గోలీలు నింపిన డ్రమ్ములోనూ, అదే ఆకారంలో ఆవగింజంత పూసలు నింపిన గ్లాసులోనూ గాలి శాతం ఒకటే. తేడా తెచ్చేవి వేరే ఉన్నాయి. పెద్దవీ చిన్నవీ కలిసి ఉంటే చిన్నవి సందుల్లో దూరి బరువు పెంచుతాయి. పలుకు బల్లపరుపుగానో, లోపల బోలుగానో ఉంటే బరువు తగ్గుతుంది. మరీ మెత్తని పిండిలో రేణువులు ఒకదానికొకటి అతుక్కుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి. అందుకే జల్లించిన మైదా అంత తేలిక. మందుల కంపెనీల్లో ఈ గుణాన్ని కొలవడానికి ఒక పద్ధతే ఉంది. పొడిని కొలజాడీలో పోసి, యంత్రంతో వందలసార్లు తట్టి, తట్టక ముందూ తర్వాతా సాంద్రతల నిష్పత్తి తీస్తారు. దాని పేరు హౌస్నర్ నిష్పత్తి. వంటింట్లో కప్పును గట్టు మీద తట్టేవాళ్లు తెలియకుండా చేసేది ఆ ప్రయోగమే.

పలుకు ఆకారం ఎంత పని చేస్తుందో చూడాలంటే అమెరికాలో ఉన్న మనవాళ్లను అడగండి. అక్కడ వంట పుస్తకాలు రాసేవాళ్లు ఎక్కువగా వాడే డైమండ్ క్రిస్టల్ అనే బోలు పలుకుల ఉప్పు టీస్పూనుకు 2.8 గ్రాములే. ఆ పుస్తకంలోని రెండు టీస్పూన్లను ఇంట్లో ఉన్న మెత్తని ఉప్పుతో వేస్తే కూరలో ఉప్పు రెట్టింపు పైన పడుతుంది. వంట పాడైతే తప్పు వండినవాళ్ల మీదకు పోతుంది గానీ, నిజానికి అది పుస్తకం రాసినవాళ్లు గ్రాములు ఇవ్వకపోవడం వల్ల.

బెంగాల్‌లో దీనికి ఇంకా తేలికైన ఉదాహరణ ఉంది. ఇక్కడ పొద్దున, సాయంత్రం మూడీ లేకుండా గడవదు. మూడీ అంటే మన మరమరాలే. పావు లీటరుకు కాస్త తక్కువ పట్టే కప్పులో బియ్యం 190 గ్రాముల దాకా పడితే, మరమరాలు 14 గ్రాములు. రెండూ బియ్యమే, మధ్యలో చేరింది గాలే. ఝాల్‌మూడీ బండి దగ్గర పొట్లం ఉబ్బుగా కనపడినా కడుపు నిండకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, గ్రాము కూడా వేదవాక్కేమీ కాదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చి చెమ్మగిల్లుతుంది. వానాకాలం కోల్‌కతాలో ఆ హద్దు దాటని రోజులు తక్కువ. పిండి కూడా తేమ తాగి బరువెక్కుతుంది. అయితే ఆ తేడా కొద్ది శాతాల్లో ఉంటుంది. చెంచా నింపడంలో వచ్చే తేడా రెట్లలో ఉంటుంది.

మానిక, సేరు, స్టీలు గ్లాసు

మన పాతవాళ్లకు ఈ సంగతి తెలియదనుకోవడం పొరపాటు. తెలుగు ఇళ్లలో ధాన్యానికి, పప్పులకు ఘనపరిమాణపు కొలతలుండేవి: నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. బెల్లం, చింతపండు, ఎండుమిర్చి లాంటి వాటికి తూకం ఉండేది: తులం, పలం, వీశె, మణుగు. ఈ విభజనలో ఉన్న తెలివి గమనించండి. గలగలా పారి, పైన గీస్తే సమమయ్యేవి కొలతకు పోయాయి. ముద్దలుగా ఉండేవి, ఉబ్బి ఉండేవి తక్కెడకు పోయాయి. ఎండుమిర్చిని కుంచంతో కొలిస్తే ఎవరికి లాభమో ఎవరికి నష్టమో అందరికీ తెలుసు. బెంగాలీ ఇళ్లలో కూడా బియ్యానికి కున్కె అనే చిన్న కొలపాత్ర ఉండేది. లక్ష్మీపూజలో ధాన్యం నింపి పెట్టే ఆ పాత్ర ఇప్పటికీ చాలా ఇళ్లలో కనపడుతుంది.

చిక్కల్లా ఊరు మారితే వచ్చేది. హుగ్లీ ఒడ్డున ఉన్న కలకత్తా టంకశాలలో లోహాల నాణ్యత పరీక్షించే అధికారిగా జేమ్స్ ప్రిన్సెప్ ఉండేవాడు. అశోకుడి బ్రాహ్మీ లిపిని చదివినవాడిగా మనకు తెలిసిన ప్రిన్సెప్ ఆయనే. తూకాలను స్థిరపరిచిన పని కూడా ఆయనదే అని తెలిసినవాళ్లు తక్కువ. 1833లో వచ్చిన నిబంధన ప్రకారం తులం అంటే 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. 80 తులాలు ఒక సేరు, 40 సేర్లు ఒక మణుగు. ఆ లెక్కన బెంగాల్ సేరు 933 గ్రాములు, మణుగు 37 కిలోల పైన. అదే కాలంలో మద్రాసు వైపు తూకపు సేరు 24 తులాలే, అంటే 280 గ్రాములు. మణుగు 11 కిలోల చిల్లర. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువుల కోసం ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు సేరు అన్న మాట అదే, సంచిలో పడే సరుకు మాత్రం మూడు రెట్ల పైన.

ఈ గందరగోళం 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో పోయింది. 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలో, లీటరు అమల్లోకి వచ్చాయి. బజారుకు అది గొప్ప మేలు చేసింది. కానీ వంటింట్లో మానిక స్థానంలోకి వచ్చింది లీటరు కాదు, స్టీలు గ్లాసు. ఊరందరికీ మానిక ఒక్కటే కనుక వివాదం వస్తే సరిచూసుకోవచ్చు. స్టీలు గ్లాసుకు అలాంటిదేమీ లేదు. కప్పు అన్న మాట ఇంకా ఘోరం. అమెరికా కప్పు 237 మిల్లీలీటర్లు, మెట్రిక్ కప్పు 250, రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే కప్పు జపాన్ లెక్కన 180. వంట వీడియోలో కప్పు అన్నప్పుడు ఈ మూడింటిలో ఏదో చెప్పేవాళ్లు అరుదు.

నిష్పత్తి మీద నడిచే వంటలకు దీనితో పేచీ లేదని మళ్లీ చెబుతున్నాను. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, పప్పు ఒకటికి ఇడ్లీ రవ్వ రెండు అన్నప్పుడు గ్లాసు ఎంతదైనా ఫలితం మారదు. ఆ గ్లాసు మన చేతిలోంచి ఇంకొకరి చేతికి పోనంత వరకు.

బన్‌గావ్ డ్రమ్ములు

కొలత, తూకం మధ్య మార్పిడి ప్రాణం మీదకు వచ్చిన సందర్భం కోల్‌కతాకు 80 కిలోమీటర్ల దూరంలోనే జరిగింది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. ఆసుపత్రి నేల మీద కూడా రోగులే. నరాల్లోకి ఎక్కించే సెలైన్ అయిపోవస్తోంది. కలకత్తాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ అప్పుడు నోటి ద్వారా ఉప్పు, గ్లూకోజ్ ద్రావణం తాగించాలని నిర్ణయించారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన చూసిన రోగుల్లో 3.6 శాతానికి పడిపోయాయి. ఆయన 2022 అక్టోబరులో కన్నుమూశారు. మరుసటి ఏడాది మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఈ కథ చాలామంది రాశారు. నాకు ముఖ్యమనిపించేది అందులో పని పంచిన తీరు. పొడులను తూచడం కలకత్తా కేంద్రంలోని లైబ్రరీ గదిలో జరిగింది. పాలిథిన్ సంచుల్లో పోసి, వేడి ఇస్త్రీ పెట్టెతో అతికించి పంపారు. బన్‌గావ్‌లో వాటిని డ్రమ్ముల నీటిలో కలిపారు. అక్కడి నుంచి మగ్గుతో పట్టి తాగించింది రోగుల బంధువులే. వాళ్లకు తక్కెడ అక్కర్లేదు. మగ్గు కొలత ద్రవానికి సరిగ్గా సరిపోతుంది. పొడిని గ్రాముల్లో, ద్రావణాన్ని మగ్గుల్లో. ఏది తూచాలో, ఏది కొలవాలో అంత స్పష్టంగా విడదీసిన ఏర్పాటు ఇంకొకటి నాకు కనపడలేదు.

నా వాదనకు గట్టి ఎదురు ఉదాహరణ సరిహద్దు అవతలే ఉంది, దాన్ని దాటవేయకూడదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్ల పాటు ఇంటింటికీ తిరిగి కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లలో తల్లులకు ఈ ద్రావణం నేర్పింది. తక్కెడ లేదు, చెంచా కూడా లేదు. మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, పిడికెడు బెల్లం, అరసేరు నీళ్లు. ఆ అరసేరు కలకత్తా టంకశాల లెక్కలోని సేరులో సగం, 466 మిల్లీలీటర్లు. అది పనిచేసింది. చేతి కొలతే చాలన్నమాటే కదా అనవచ్చు. కానీ అది ఎలా పనిచేసిందో చూడాలి. నేర్పిన కొన్నాళ్లకు వేరే బృందం వెళ్లి ఆ తల్లి చేత ద్రావణం కలిపించి, నమూనా ప్రయోగశాలకు తెచ్చి ఉప్పు సాంద్రత పరీక్షించేది. ఎంతమంది తల్లులు సరిగా కలిపారన్న దాన్ని బట్టి నేర్పిన కార్యకర్తకు జీతం ముట్టేది. ఇళ్లలో అరసేరు నీటి మట్టం ఎక్కడికి వస్తుందో పాత్రల మీద గీత పెట్టి ఇచ్చేవారు. చేతి కొలత నమ్మదగినది అయింది, దాని వెనక గ్రాముల లెక్కతో సరిచూసే మనిషి ఉన్నందువల్లే.

మన గోడల మీద పోస్టర్ల వెనక అలాంటి మనిషి లేడు. ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, లీటరు నీళ్లు అన్న సూత్రం అందరూ వినే ఉంటారు. 5 మిల్లీలీటర్ల చెంచాను అంచుకు సమంగా గీస్తే అది 25 గ్రాముల పంచదార, 3 గ్రాముల ఉప్పు. సరైన లెక్కే. ఇంట్లో చెంచా 5 మిల్లీలీటర్లే ఉంటుందా? గ్రీస్‌లో 25 ఇళ్ల నుంచి టీస్పూన్లు సేకరించి కొలిచిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. అతి చిన్నది 2.5 మిల్లీలీటర్లు, అతి పెద్దది 7.3. మన స్టీలు చెంచాలు అంతకన్నా క్రమశిక్షణతో ఉంటాయనుకోను. దాని మీద రాశి పోస్తే ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు. పెద్ద చెంచా, పైన రాశి, రెండూ కలిస్తే 3 గ్రాములు కావలసిన చోట 8, 9 గ్రాములు పడవచ్చు. నీరు కోల్పోయి ఉన్న పసిబిడ్డకు అంత ఉప్పు ప్రమాదం. రక్తంలో సోడియం పెరిగి మూర్ఛలు రావచ్చు. పిల్లల మందుల విషయంలో ఈ చెంచా గొడవ పడలేకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2015లో టీస్పూన్ మాట మానేసి మిల్లీలీటర్లలోనే మోతాదు రాయాలని చెప్పింది.

హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా పాటించని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఆ ఫార్ములా అంటే గ్రాములే. లీటరుకు గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు. సంచిలోని ఆ గ్రాములకు అంత పట్టుబట్టి, గోడ మీది చెంచాకు కొలత లేకుండా వదిలేయడం నాకు అర్థం కాదు.

ముందు గ్రాములు, తర్వాత చెంచా

బడి భోజనం సంగతి చూద్దాం. ప్రాథమిక పాఠశాల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఇవ్వాలన్నది కేంద్రం నిర్ణయించిన లెక్క. 60 మంది పిల్లలకు 300 గ్రాముల నూనె. వంట చేసే ఆవిడ చేతిలో ఉండేది గీతలున్న డబ్బా. దాంతో 300 మిల్లీలీటర్లు పోస్తే వెళ్లేది 273 గ్రాములు. అక్కడ పోయాల్సింది 330 మిల్లీలీటర్లు. పప్పయితే కందిపప్పుకు, పెసరపప్పుకు, పగిలిన నూక ఎక్కువున్న బస్తాకు డబ్బా లెక్క మారుతూనే ఉంటుంది. ఇందులో ఎవరి దొంగతనమూ లేదు. ఆదేశం ఒక భాషలో, వంటగది ఇంకో భాషలో ఉన్నాయి, అంతే. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. కొత్త బస్తా విప్పిన రోజు కిలో పప్పు ఒక్కసారి తూచి, డబ్బాలో పోసి, ఎక్కడికి వచ్చిందో గీత పెట్టుకుంటే ఆ బస్తా అయ్యేదాకా డబ్బాతోనే కొలవవచ్చు. బ్రాక్ కార్యకర్తలు కుండల మీద పెట్టిన గీత లాంటిదే ఇది.

ప్రతి ఇంట్లో తక్కెడ ఎక్కడిది అంటారేమో. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది గానీ, అదీ అవసరం లేదు. కొలపాత్రలు రెండు ఇప్పటికే ఇంట్లో ఉన్నాయి. ఒకటి లీటరు మంచినీళ్ల సీసా. దాంతో మీ గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లో తేల్చుకోవచ్చు, నాలుగు గ్లాసులు నిండితే 250. రెండోది దగ్గు మందుతో పాటు వచ్చే, గీతలున్న మూత. 5 మిల్లీలీటర్ల గీత దాకా నీళ్లు పోసి మీ చెంచాలోకి వంచితే అది ఎంతదో తెలిసిపోతుంది.

వంటల పుస్తకాలు అచ్చువేసేవాళ్లు, వీడియోలు చేసేవాళ్లు పిండి, ఉప్పు, బెల్లం వరకైనా గ్రాములు ఇవ్వాలి. పచ్చళ్లకు మరీ ముఖ్యం. ఆవకాయలో ఉప్పు రుచి కోసమే కాదు, పచ్చడి నిలవ ఉండేది దానితోనే. గిద్దెడు కళ్లుప్పు దంచినదీ, గిద్దెడు ప్యాకెట్ ఉప్పూ బరువులో ఒకటి కావు. ఉప్పు తయారుచేసే కంపెనీలు ప్యాకెట్ వెనక ఒకే ఒక వాక్యం వేస్తే చాలు: ఈ ఉప్పు సమం చేసిన 5 మిల్లీలీటర్ల చెంచాకు ఇన్ని గ్రాములు అని. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తపోటు ఉన్న మనిషి ఇంటికి వచ్చి ఆ 5 గ్రాములను కొలుచుకోవడానికి ఆ వాక్యం తప్ప వేరే దారి లేదు.

ఇక ఆసుపత్రి గోడల మీది కాగితం. దాని మీద ఇలా ఉండాలని నా కోరిక: "మొదట ఓఆర్ఎస్ ప్యాకెట్ అడగండి. ప్యాకెట్ మీద ఎంత నీరు రాసి ఉంటే సరిగ్గా అంత నీటిలో, మొత్తం పొడి ఒకేసారి కలపండి. ప్యాకెట్ దొరికేలోపు: కాచి చల్లార్చిన నీరు లీటరు సీసా నిండా, పంచదార 25 గ్రాములు (5 మి.లీ. చెంచాతో, పైన గీసి, ఆరు), ఉప్పు 3 గ్రాములు (అదే చెంచాతో, పైన గీసి, సగం). ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. ద్రావణం కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి." పక్కనే, నిజం సైజులో, గీసిన చెంచా బొమ్మ.